నల్లమల సఫారీ: పులిని చూడాలని బయలుదేరే కుటుంబాలు ముందుగా తెలుసుకోవాల్సిన విషయాలు

పండగ సెలవులు రాగానే బండి ఆత్మకూరు, నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు కుటుంబాల్లో ఒక మాట వినిపిస్తుంది: "పిల్లలకు పులిని చూపిద్దాం, సఫారీకి పోదాం." సోషల్ మీడియాలో వచ్చే వీడియోలు ఈ కోరికను ఇంకా పెంచుతున్నాయి. కారు కిటికీ పక్కనే సింహం నడిచిపోవడం, జీపు ముందు పులి రోడ్డు దాటడం చూసిన పిల్లలు మన దగ్గర కూడా అలాగే ఉంటుందని అనుకుంటారు. తీరా వెళ్ళి మూడు గంటలు తిరిగి, నాలుగు దుప్పులు, పది నెమళ్ళు మాత్రమే కనపడితే "డబ్బు దండగ" అంటూ తిరిగొస్తారు.

అసలు మన పక్కనున్న నల్లమలలో సఫారీ అంటే ఏమిటి? ఎక్కడ ఉంటుంది? కుటుంబంతో వెళ్ళేవారు ఏం చేయాలి, ఏం చేయకూడదు? ఇవి తెలుసుకుని వెళితే నిరాశ ఉండదు. అంతకంటే ముఖ్యం, అడవికీ మనకూ ప్రమాదం ఉండదు.

జూ సఫారీ వేరు, అడవి సఫారీ వేరు

మన తెలుగు రాష్ట్రాల్లో సఫారీ పేరుతో రెండు రకాల సందర్శనలు ఉన్నాయి. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది నిరాశపడుతున్నారు.

మొదటిది జూ సఫారీ. హైదరాబాద్‌లో 1963లో ప్రజలకు తెరిచిన నెహ్రూ జూలాజికల్ పార్కులోనూ, తిరుపతిలో 1987లో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలలోనూ ఉండే సఫారీలు ఈ రకానివి. చుట్టూ ఎత్తయిన కంచె ఉంటుంది. జంతువులకు రోజూ మేత, మాంసం సిబ్బందే పెడతారు. సందర్శకులను జాలీ బిగించిన వాహనంలో లోపలికి తీసుకెళతారు. సింహమైనా ఎలుగుబంటి అయినా ఆ కంచె దాటి పోలేదు కాబట్టి కనపడే అవకాశం చాలా ఎక్కువ. చిన్నపిల్లలు, ముసలివాళ్ళు ఉన్న కుటుంబాలకు ఇది సులువైన దారి.

రెండోది అడవి సఫారీ. నల్లమలలో ఉన్నది ఇదే. ఇక్కడ కంచె ఉండదు. జంతువులకు ఎవరూ తిండి పెట్టరు. అవి ఎక్కడ నీళ్ళు ఉంటే అక్కడికి, ఎక్కడ నీడ ఉంటే అక్కడికి పోతాయి. మనం అటవీశాఖ అనుమతించిన దారిలో, వాళ్ళ వాహనంలో, గైడ్‌తో వెళ్ళి వస్తాం. జంతువు కనపడితే అదృష్టం, కనపడకపోతే అది దాని ఇష్టం. జూలో జంతువు మన దగ్గర ఉంటే, అడవిలో మనం దాని ఇంట్లో ఉంటాం. మెహమాన్‌గా వెళ్ళినవాళ్ళు ఇంటివాళ్ళను పిలిచి ముందు నిలబడమని అడగలేరు కదా!

ఎక్కడెక్కడ ఉన్నాయి?

నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం సుమారు 3,700 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో దేశంలోనే అతిపెద్దది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణానదికి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది.

బండి ఆత్మకూరు వాళ్ళకు దగ్గరగా ఉన్నది బైర్లూటి. వెలుగోడు మీదుగా ఆత్మకూరు చేరి, అక్కడి నుంచి దోర్నాల రోడ్డు పట్టుకుంటే అడవి మొదలయ్యే చోట బైర్లూటి వస్తుంది. అక్కడ అటవీశాఖ జంగిల్ క్యాంప్ ఉంది. రాత్రి ఉండటానికి కాటేజీలు, టెంట్లు, ఉదయం సాయంత్రం సఫారీ ఉంటాయి. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు వాళ్ళకు గాజులపల్లె దాటాక గిద్దలూరు రోడ్డులో ఉన్న పచ్చర్ల క్యాంప్ దగ్గర. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబైలు దగ్గర మరో సఫారీ ఉంది.

తెలంగాణ వైపు, హైదరాబాద్-శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక వచ్చేది ఫరహాబాద్. ఉర్దూ తెలిసిన వాళ్ళు ఈ పేరును చదవగానే గుర్తుపడతారు. ఫరహ్ అంటే ఆనందం. నిజాం పాలనాకాలపు గుర్తుగా ఆ పేరు అడవి మధ్యలో ఇప్పటికీ నిలిచి ఉంది.

ఒక విషయం మరిచిపోకూడదు. వర్షాకాలంలో, సాధారణంగా జులై నుంచి సెప్టెంబర్ చివరి వరకు, పులుల అభయారణ్యాల్లో సఫారీలు ఆపేస్తారు. దారులు బురదవుతాయి, జంతువులు జతకట్టే, పిల్లలను పెట్టే సమయం కూడా. కాబట్టి బయలుదేరే ముందు బుకింగ్ ఉందో లేదో అటవీశాఖ వాళ్ళ దగ్గర కనుక్కోవాలి. నేరుగా పోయి గేటు దగ్గర బతిమాలితే పని జరగదు.

పులి కనపడుతుందా?

నిజాయితీగా చెప్పాలంటే, కనపడే అవకాశం తక్కువ. 2022 దేశవ్యాప్త పులుల గణన ప్రకారం దేశంలో పులుల సగటు సంఖ్య 3,682. అందులో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో ఉన్నవి 58. అంత పెద్ద అడవికి 58 పులులు. ఒక్కో మగపులి పదుల చదరపు కిలోమీటర్లు తనదిగా చేసుకుని తిరుగుతుంది. ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున కదులుతుంది. నల్లమలలో గడ్డి, వెదురు, గుట్టలు దట్టంగా ఉండటంతో పది అడుగుల దూరంలో పడుకున్నా మన కంటికి ఆనదు.

మరి ఈ లెక్క ఎలా తెలిసింది? అడవి దారుల వెంట చెట్లకు కెమెరాలు బిగిస్తారు. జంతువు ముందు నుంచి పోగానే ఫోటో పడుతుంది. మనుషుల వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఆ చారలను బట్టి ఏది ఏ పులో తేలుస్తారు.

పులి కనపడకపోయినా దాని జాడలు కనపడతాయి. గైడ్‌ను అడిగితే దుమ్ములో పడిన అడుగులు చూపిస్తాడు. చెట్ల బెరడు మీద గోళ్ళ గీతలు చూపిస్తాడు. చెట్టు పైనుంచి కొండముచ్చు ఒక్కసారిగా గట్టిగా అరిచినా, దుప్పి తోక నిలబెట్టి కూత పెట్టినా, దగ్గర్లో పులో చిరుతో ఉందని అర్థం. అప్పుడు వాహనం ఇంజన్ ఆపి అందరూ నిశ్శబ్దంగా ఉండాలి. ఆ రెండు నిమిషాలు పిల్లలు మాట్లాడకుండా వినగలిగితే, పులి కనపడకపోయినా ఆ అనుభవం వాళ్ళకు గుర్తుండిపోతుంది.

అడవి అంటే పులి ఒక్కటే కాదు. చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్కలు, కణుజు, దుప్పి, మనుబోతు, అడవిపంది, నెమలి ఇవన్నీ నల్లమల సొంతదార్లే. చాలామందికి తెలియని విశేషం ఇంకొకటి ఉంది. నంద్యాల-గిద్దలూరు మధ్య అడవిలో మెరిసే నీలిరంగు సాలీడు ఒకటి ఉంటుంది. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో మొదట దొరకడంతో దానికి గుత్తి పేరే స్థిరపడింది. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఎవరికీ కనపడలేదు. 2001లో మళ్ళీ నంద్యాల-గిద్దలూరు అడవిలోనే శాస్త్రవేత్తలు గుర్తించారు. అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో అది ఉంది. విదేశాల్లో సాలీళ్ళు పెంచుకునేవాళ్ళు దాని కోసం ఎగబడతారు. మన పిల్లలకు మాత్రం దాని పేరు కూడా తెలియదు.

ఒక తల్లి, నాలుగు కూనలు

అడవి సఫారీ, జూ సఫారీ మధ్య తేడా ఎంత పెద్దదో మన జిల్లాలోనే జరిగిన ఒక సంఘటన చెబుతుంది. 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం గ్రామం దగ్గర నాలుగు పులికూనలు దొరికాయి. కుక్కలు దాడి చేస్తాయని భయపడి గ్రామస్థులు వాటిని ఒక గదిలో ఉంచి అటవీశాఖకు కబురు పెట్టారు. టి-108 అనే ఆడపులి వాటి తల్లి అని అధికారులు గుర్తించారు. తల్లి దగ్గరికి చేర్చడానికి రాత్రిళ్ళు ప్రయత్నించారు. కుదరలేదు. చివరికి కూనలను తిరుపతి జూకు తరలించారు.

ఇందులో గ్రామస్థుల తప్పేమీ లేదు, వాళ్ళు కాపాడాలనే చూశారు. కానీ పులికూన అడవిలో బతకాలంటే దాదాపు రెండేళ్ళపాటు తల్లి వెంట తిరిగి వేట నేర్చుకోవాలి. ఆ చదువు జూలో ఎవరూ చెప్పలేరు. నల్లమలలో పుట్టిన పులి అలా కంచె లోపలికి వెళ్ళిపోయింది. అడవికి వెళ్ళినప్పుడు ఎక్కడైనా ఒంటరిగా జంతువు పిల్ల కనపడితే ఎత్తుకోవడం, ఫోటోల కోసం చుట్టూ మూగడం చేయకూడదని అధికారులు చెప్పేది ఇందుకే. తల్లి చాలాసార్లు దగ్గర్లోనే ఉంటుంది. మనుషుల గుంపు చూస్తే రాదు.

దైవప్రవక్త (స) సహచరులు ప్రయాణంలో ఒక పక్షి పిల్లలను తీసుకుంటే, ఆ తల్లి పక్షి తల్లడిల్లడం చూసి ఆయన వెంటనే పిల్లలను తిరిగి దాని దగ్గర పెట్టించిన ఉదంతం హదీసు గ్రంథాల్లో ఉంది. ఖురాన్‌లో సూరా అల్-అన్ఆమ్ 38వ ఆయత్ జంతువులనూ పక్షులనూ మనలాగే సముదాయాలుగా పేర్కొంటుంది. సఫారీకి వెళ్ళే ముందు రోజు రాత్రి పిల్లలకు ఈ రెండు విషయాలు చెబితే, గైడ్ పెట్టే నియమాలు వాళ్ళకు సులువుగా ఎక్కుతాయి.

మన కారే సఫారీ అయినప్పుడు

నిజానికి మనవాళ్ళలో ఎక్కువమంది సఫారీ టికెట్ కొనరు. సొంత కారులోనో, ఆటోలోనో, అద్దె వ్యాన్‌లోనో ఆత్మకూరు-దోర్నాల రోడ్డు, నంద్యాల-గిద్దలూరు ఘాట్ మీదుగా పోతూ అడవిని చూస్తారు. అదే వాళ్ళ సఫారీ. నష్టం ఎక్కువ జరుగుతున్నది కూడా ఈ దారుల్లోనే.

మొదటిది కోతులకు తిండి పెట్టడం. "పాపం, ఆకలి" అని అరటిపండ్లు, బిస్కెట్లు, రొట్టెలు కిటికీలోంచి విసురుతారు. సవాబ్ వస్తుందనే నమ్మకం కూడా ఉంటుంది. కానీ జరిగేది వేరు. కోతులు అడవిలో పండ్లు, ఆకులు వెతుక్కోవడం మానేసి రోడ్డు పక్కనే కూర్చుంటాయి. వాహనాల కింద పడి చస్తాయి. మనుషుల భయం పోయి చేతిలో సంచి లాక్కుంటాయి, పిల్లలను కరుస్తాయి. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు పట్టిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడనే హదీసు అందరికీ తెలిసిందే. అక్కడ ఆ ప్రాణికి ఆ క్షణంలో ఏది మేలో అది జరిగింది. అడవి కోతికి మేలు చేయాలంటే దానికి ఏమీ పెట్టకుండా వచ్చేయడమే.

రెండోది ఎముకలు, మిగిలిన అన్నం. కుటుంబాలు డేగిసాతో బిర్యానీ తీసుకెళ్ళి రోడ్డు పక్కన చెట్టు కింద దస్తర్‌ఖాన్ పరుస్తాయి. తిన్నాక ఎముకలు, పేపర్ ప్లేట్లు అక్కడే వదిలేస్తారు. ఆ వాసనకు ఊరకుక్కలు, అడవిపందులు వస్తాయి. వాటి కోసం చిరుత వస్తుంది. మరుసటి రోజు అదే చెట్టు కింద ఇంకో కుటుంబం కూర్చుంటుంది. ఉప్పూ నూనే అంటిన ప్లాస్టిక్ కవర్లను దుప్పులు తింటే అవి కడుపులో అడ్డుపడి ప్రాణం తీస్తాయి. కాబట్టి భోజనం క్యాంపులో గానీ ఊళ్ళో గానీ చేయాలి. చెత్తంతా సంచిలో కట్టి ఇంటికి తెచ్చుకోవాలి. అభయారణ్యంలో పొయ్యి పెట్టడం, చలిమంట వేయడం నేరం. ఎండాకాలంలో ఒక సిగరెట్ ముక్క చాలు, ఎండుగడ్డి కొండంతా అంటుకోవడానికి.

మూడోది వేగం. మలుపు తిరగగానే దుప్పి ఎదురైతే ఎనభై వేగంలో బ్రేక్ పడదు. రాత్రిళ్ళు లైట్ల వెలుగు కంట్లో పడితే జంతువు కదలకుండా నిలబడిపోతుంది. అందుకే శ్రీశైలం వైపు వెళ్ళే అడవి దారుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపుతారు. దావత్ ముగించుకుని రాత్రి బయలుదేరుదామని ప్లాన్ వేసుకునేవాళ్ళు ఈ సమయం గుర్తుపెట్టుకోవాలి. చెక్‌పోస్టు దగ్గర పిల్లలతో రాత్రంతా గడపాల్సి వస్తుంది.

పచ్చర్ల చెప్పిన పాఠం

అడవిని సరదాగా చూసే మనకు, అడవి అంచున బతికేవాళ్ళ కష్టం వెంటనే తెలియదు. 2024 జూన్‌లో పచ్చర్ల గ్రామంలో కట్టెల కోసం వెళ్ళిన ఒక మహిళ చిరుత దాడిలో ప్రాణాలు కోల్పోయారు. మన సమాజానికి చెందిన ఆడబిడ్డ ఆమె. ఆ తర్వాత అటవీశాఖ బోన్లు పెట్టి చిరుతను పట్టుకుంది. మహానంది పరిసరాల్లోనూ ఆ రోజుల్లో చిరుత సంచారం జనాన్ని భయపెట్టింది. సఫారీ క్యాంప్ ఉన్న ఊరూ, ఆ విషాదం జరిగిన ఊరూ ఒకటే.

బండి ఆత్మకూరు మండలానికి తూర్పున నల్లమల గోడలా నిలబడి ఉంటుంది. మేకలు తోలుకుపోయేవాళ్ళు, కట్టెలకు పోయే ఆడవాళ్ళు, అడవి పక్క పొలాలకు రాత్రి కాపలా ఉండేవాళ్ళు ఈ జాగ్రత్తలు పాటించాలి. ఒంటరిగా పోకూడదు. తెల్లవారకముందు, మగ్రిబ్ వేళ తర్వాత అడవి అంచుకు వెళ్ళకూడదు. నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుకోవాలి. మనుషుల అలికిడి వింటే చిరుత చాలావరకు పక్కకు తప్పుకుంటుంది. వంగి పని చేస్తున్న మనిషి, కూర్చున్న మనిషి, చిన్నపిల్లలు దానికి చిన్న జంతువులా కనపడతారు. ఎదురుపడితే పరుగెత్తకూడదు. పిల్లలను వెనక్కి లాక్కుని లేదా ఎత్తుకుని, నిటారుగా నిలబడి, దాని వైపే చూస్తూ, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి.

సఫారీ వాహనంలో ఉన్నప్పుడు ఇంకో నియమం. వాహనంలో కదలకుండా కూర్చున్నంతసేపు జంతువుకు అది ఒకే పెద్ద వస్తువు. చేయి బయట పెట్టినా, నిలబడినా, దిగినా అందులో మనుషులు ఉన్నారని దానికి తెలిసిపోతుంది. సెల్ఫీ కోసం ఒక్క అడుగు కిందపెట్టడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

నమాజు, భోజనం, బట్టలు

ఉదయం సఫారీకి వెళ్ళేవాళ్ళు ఫజర్ చదువుకుని బయలుదేరితే సరిపోతుంది. బండి ఆత్మకూరు నుంచి బైర్లూటికి సుమారు గంటన్నర ప్రయాణం కాబట్టి, తొలి ట్రిప్పే కావాలంటే ముందురోజు వచ్చి క్యాంపులో ఉండటం మేలు. సాయంత్రం ట్రిప్పు అయితే అసర్ వేళ మధ్యలో పడుతుంది. బయలుదేరే సమయం ముందే కనుక్కుని, అసర్ వక్తు మొదలయ్యాక ఎక్కేలా చూసుకోవాలి. అది కుదరకపోతే ఉదయం ట్రిప్పే ఎంచుకోవాలి. అడవి మధ్యలో నమాజు కోసం వాహనం ఆపమని గైడ్‌ను ఒత్తిడి చేయడం సరికాదు. ప్రాణరక్షణ కూడా దీన్‌లో భాగమే. క్యాంపులో శుభ్రమైన చోటు అడిగితే చూపిస్తారు. ఒక ముసల్లా, వుజూకు నీళ్ళ బాటిల్ వెంట ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు.

భోజనం విషయంలో క్యాంపులో హలాల్ మాంసం ఉంటుందని అనుకుని వెళ్ళొద్దు. ముందే శాకాహారం చెప్పుకోవడం గానీ, ఇంటి నుంచి పొడి తిండి తీసుకెళ్ళడం గానీ మంచిది. ఆత్మకూరులోనో నంద్యాలలోనో తిని వెళ్ళడం ఇంకా మంచిది.

బట్టలు మెరిసే రంగుల్లో కాకుండా మట్టి, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో ఉండాలి. అత్తర్ ఆ రోజుకు మానేయాలి. జంతువుల ముక్కు మనకంటే ఎన్నో రెట్లు చురుకు, గాఢమైన వాసన రాగానే దూరం జరుగుతాయి. బురఖా, దుపట్టా వేసుకునేవాళ్ళు కొంగు గాలికి ఎగిరి చక్రాల్లోకి, కొమ్మల్లోకి పోకుండా పిన్ను పెట్టుకోవాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టాలి, ఫ్లాష్ ఆపేయాలి. ఖవ్వాలీ అయినా సినిమా పాటైనా అడవిలో స్పీకర్ పెట్టకూడదు.

చెంచుల అడవి

నల్లమలలో పులితో పాటు తరతరాలుగా బతుకుతున్నవారు చెంచులు. బైర్లూటి లాంటి క్యాంపుల్లో గైడ్లుగా, వంటవాళ్ళుగా, అడవి కాపలాదారులుగా వాళ్ళు పనిచేస్తున్నారు. సందర్శకులు ఇచ్చే రుసుములో కొంత అలా అడవిలోని కుటుంబాలకు ఉపాధిగా మారుతుంది. అడవి ఉంటేనే తమ బతుకు ఉంటుందని తెలిసినవాడు వేటగాళ్ళకు దారి చూపడు. సొంత కారులో రోడ్డు మీద తిరిగి వచ్చేకంటే టికెట్ కొని సఫారీకి వెళ్ళడం అడవికి మేలు చేసేది ఇందువల్లే.

చెంచు గూడెంలోకి అడక్కుండా వెళ్ళడం, ఆడవాళ్ళను పిల్లలను ఫోటోలు తీయడం మర్యాద కాదు. మన ఇంట్లోకి ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి ఫోన్ తీస్తే ఎలా ఉంటుందో వాళ్ళకూ అలాగే ఉంటుంది. గైడ్‌ను "అన్నా" అని పిలిచి, దారిలో కనపడే చెట్ల పేర్లు, తేనె తీసే పద్ధతి అడిగితే, ఏ పుస్తకంలోనూ లేని విషయాలు చెబుతాడు.

పోయినవి తిరిగి రావు

జాగ్రత్తలన్నీ ఎందుకంటే, జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. మిడుతూరు మండలం రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. మీటరు ఎత్తు ఉండే ఆ పక్షిని చూడటానికి ఒకప్పుడు దూర దూరాల నుంచి వచ్చేవారు. ఇప్పుడక్కడ కృష్ణజింకలు కనపడతాయి, బట్టమేక కనపడదు. అభయారణ్యం బోర్డు ఉంది, పక్షి లేదు.

నల్లమల పులికి ఆ గతి పట్టకూడదంటే అటవీశాఖ ఒక్కటే చాలదు, అడవి గుండా వెళ్ళే ప్రతి కుటుంబం నడవడిక కూడా ముఖ్యం. ఈ సెలవుల్లో బయలుదేరేవాళ్ళు ముందుగా బుకింగ్ చూసుకోండి. నమాజు వేళలు రాసుకోండి. చెత్తకు ఒక సంచి, ప్రతి ఒక్కరికీ ఒక నీళ్ళ బాటిల్ పెట్టుకోండి. పిల్లలకు "పులిని చూపిస్తాం" అని కాకుండా "పులి ఉండే చోటు చూపిస్తాం" అని చెప్పి తీసుకెళ్ళండి. పులి కనపడిందా, అల్‌హమ్దులిల్లాహ్. కనపడలేదా, అది తన అడవిలో క్షేమంగా ఉందని చెప్పి పిల్లలను నవ్వుతూ ఇంటికి తీసుకురావచ్చు.